మూడు తాళాల పెట్టె

చిపాటా సంతలో మే నెలలో వేరుశనగ చవక. అదే వేరుశనగ జనవరికల్లా రెట్టింపు పలుకుతుంది, ఒక్కో ఏడు అంతకన్నా ఎక్కువే. పండించిన మనిషి మేలో అమ్ముకుంటుంది, జనవరిలో తనే కొనుక్కుంటుంది. జాంబియా తూర్పు ప్రావిన్సులో పేదరికం ఎందుకు పోవడం లేదని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఈ మాటే.

మాది అనంతపురం జిల్లా. బీకాం అయ్యాక కొన్నాళ్ళు మా మండలంలో పొదుపు సంఘాల లెక్కలు రాశాను. పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చాను. మా ఆయన పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేస్తారు. రాజధాని లుసాకా నుంచి గ్రేట్ ఈస్ట్ రోడ్డు మీద 570 కిలోమీటర్లు ప్రయాణం చేస్తే మా చిపాటా వస్తుంది. ఇంకాస్త ముందుకు పోతే మలావీ సరిహద్దు. ఊరి బజారులో గుజరాతీ ముస్లింల కొట్లు, ఊరు దాటితే ఎర్రనేల, రాతిగుట్టలు, మొక్కజొన్న చేలు, వాటి పక్కన చెనక్కాయ చేలు. వాన మాత్రం మాకంటే చాలా ఎక్కువ. నవంబరులో పట్టుకుంటే ఏప్రిల్ దాకా పడుతుంది. భూమి ఉంది, వాన ఉంది, రెక్కలు ముక్కలు చేసుకునే జనం ఉన్నారు. అయినా 2022లో ప్రభుత్వం చేయించిన జీవన పరిస్థితుల సర్వేలో దేశం మొత్తం మీద 60 శాతం, పల్లెల్లో 78.8 శాతం జనం పేదరికంలో ఉన్నట్టు తేలింది. 2015లో దేశం లెక్క 54.4 శాతం. ఏడేళ్ళలో తగ్గాల్సింది పెరిగింది.

ఇక్కడివాళ్ళు బద్ధకస్థులని పట్నంలో కూర్చుని తేల్చేసే మనవాళ్ళను కూడా విన్నాను. వాళ్ళకు 1898 గురించి తెలియదు. ఆ ఏడాది ఇంగ్లీషువాళ్ళు ఎన్గోని రాజు ఎంపెజెనితో యుద్ధం చేసి, ఆయన కొడుకు ఎన్సింగును కాల్చి చంపి, వేలకు వేలు పశువుల్ని తోలుకుపోయారు. భూములన్నీ నార్త్ చార్టర్‌ల్యాండ్ అనే కంపెనీ చేతికి పోయాయి. తర్వాత స్థానికులను రిజర్వులని పేరుపెట్టి ఇరుకు నేలల్లోకి నెట్టారు. కంపెనీ నేలలు బీళ్ళుగా పడి ఉంటే, రిజర్వుల్లో వేసిన చోటే మళ్ళీమళ్ళీ వేసి నేల సారం పోయింది. పశువులు పోయినవాళ్ళకు ఎరువూ లేదు, దున్నడానికి ఎద్దులూ లేవు. మగవాళ్ళు పన్ను కట్టడానికి దక్షిణాన గనులకు వలసపోయారు. ఇప్పటికీ పల్లెల్లో చాలా చేలు ఆడవాళ్ళు చేత్తో పార పట్టుకుని తవ్వినవే. చేతిపారతో ఒక మనిషి ఎంత నేల సాగుచేయగలదో చేసి చూసినవాళ్ళకు తెలుస్తుంది.

పంట మే, జూన్ నెలల్లో ఇంటికొస్తుంది. అప్పటికి నెత్తిమీద అప్పులుంటాయి, పిల్లల పుస్తకాలుంటాయి, ఆస్పత్రికి పోవాల్సిన ముసలివాళ్ళుంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే బ్రీఫ్‌కేస్ బయ్యర్లు దిగుతారు. ఏ కంపెనీకీ చెందని దళారులు వీళ్ళు. చేతిలో నోట్ల కట్ట, లారీలో ఖాళీ గోతాలు. కొలిచేది తక్కెడతో కాదు, బకెట్‌తో. ఆ బకెట్‌ను వేడిచేసి పొట్ట ఉబ్బించి ఉంటారు. ఒక్కో బకెట్‌కు రెండు దోసిళ్ళు ఎక్కువ పడుతుంది. ఆ సంగతి అమ్మేవాళ్ళకూ తెలుసు. తెలిసీ అమ్ముతారు, ఇంకో వారం ఆగే వీలు లేదు గనక.

ఇక జనవరి. నిరుటి గింజలు అయిపోయి, కొత్త కంకి ఇంకా పాలు పోసుకోని రోజులు. ఇంట్లో న్షిమా, అంటే మొక్కజొన్న సంకటి, వండటానికి పిండి ఉండదు. అప్పుడు గన్యు చేస్తారు. గన్యు అంటే ఏ రోజుకారోజు ఇంకొకరి చేలో కూలి. కూలి కింద ఒక పళ్ళెం పిండో, కాసిని క్వాచాలో (ఇక్కడి డబ్బు). కలుపు తీయాల్సిన రెండు మూడు వారాలూ అవే. ఆమె పొద్దున్నే లేచి పిల్లను వీపున కట్టుకుని మోతుబరి చేలో కలుపు తీస్తుంది. ఆమె సొంత చేలో కలుపు మోకాలెత్తు పెరుగుతుంది. మేలో ఆమె పంట సగానికి సగం పడిపోతుంది. మళ్ళీ జనవరికి గన్యు. గన్యు కూడా దొరకకపోతే కలోబా, అంటే వడ్డీవ్యాపారి దగ్గర అప్పు. నెలకు నూటికి యాభై, ఒక్కో చోట నూటికి నూరు వడ్డీ. వంద తీసుకుంటే నెల తిరక్కముందే రెండొందలు ఇవ్వాలి. మావైపు మారువడ్డీలు చూసిన నాకు కూడా ఆ లెక్క మొదట నమ్మబుద్ధి కాలేదు.

ఈ ముడి ఎక్కడ విప్పాలి? ఇక్కడ పనిచేసే చర్చి సంఘాలు, రైతు సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు చాలా దారులు తొక్కాయి. విత్తనాలు పంచినవాళ్ళున్నారు, మేకలు పంచినవాళ్ళున్నారు, శిక్షణ అని చెప్పి టీషర్టులు పంచినవాళ్ళున్నారు. నేను దగ్గర నుంచి చూసినంతలో నిలబడినవన్నీ ఒకే పని చేశాయి. పండించిన మనిషికి నాలుగు నెలలు ఆగే శక్తి ఇచ్చాయి.

అన్నిటికంటే నాకు ప్రాణమైనది పొదుపు గుంపు. ఈ పద్ధతి మొదలైంది 1991లో, నైజర్ దేశంలోని మరాడి ప్రాంతంలో. కేర్ సంస్థ అక్కడి ఆడవాళ్ళతో మొదలుపెట్టింది. ఇప్పుడు ఆఫ్రికా అంతటా కోటిమందికి పైగా ఇలాంటి గుంపుల్లో ఉన్నారు. జాంబియాలో దీనికి నేల ముందే సిద్ధంగా ఉంది, ఎందుకంటే ఇక్కడ చిలింబా ఎప్పటినుంచో ఉంది. మన చీటీపాట లాంటిదే, పాట మాత్రం ఉండదు. నెలకొకరు వంతులవారీగా మొత్తం ఎత్తుకుంటారు.

మా ఇంటికి గంట ప్రయాణం దూరంలో, కటేటే వెళ్ళే దారిలో ఒక పల్లె ఉంది. అక్కడి గుంపుకు పుస్తకాలు సరిచూడటానికి నన్ను పిలుస్తుంటారు. మామిడిచెట్టు కింద పాతికమంది, ముగ్గురు తప్ప అందరూ ఆడవాళ్ళే. అందరూ వరస తప్పకుండా ఒకరి పక్కన ఒకరు కూర్చుంటారు, ఎవరి నంబరు వాళ్ళకుంది. నడుమ ఒక రేకుపెట్టె, చిపాటాలో వెల్డింగు కొట్లో చేయించింది. దానికి మూడు తాళాలు. మూడు చెవులూ ముగ్గురు వేర్వేరు ఆడవాళ్ళ దగ్గర, వాళ్ళలో ఎవరూ అధ్యక్షురాలో కార్యదర్శో కారు. పెట్టె ఉండేది నాలుగో ఆమె ఇంట్లో. ముగ్గురూ వస్తేనే పెట్టె తెరుచుకుంటుంది, అదీ అందరి ముందే.

మొదట కార్యదర్శి అడుగుతుంది: పోయిన వారం పెట్టెలో ఎంత ఉంది? పుస్తకం చూడరు. అందరూ గట్టిగా చెబుతారు. ఈ పాతికమందిలో చదవగలిగినవాళ్ళు సగం కూడా లేరు, కానీ ఎవరికి ఎంత బాకీ ఉందో ప్రతి ఒక్కరికీ నోటికొచ్చు. తర్వాత నంబరు పిలుస్తారు. పిలిచిన మనిషి లేచొచ్చి చితెంగె (ఒంటికి చుట్టుకునే బట్ట) కొంగు ముడి విప్పి నోట్లు ప్లాస్టిక్ గిన్నెలో వేస్తుంది. ఇద్దరు లెక్కపెడతారు, ఇద్దరి లెక్కా కుదరాలి. ఒక వాటా 20 క్వాచాలు. ఒకరు ఒక్కటి నుంచి అయిదు వాటాల దాకా కొనవచ్చు. వాటాకొక ముద్ర పాసు పుస్తకంలో పడుతుంది. ఇంకో గిన్నెలో తలా 5 క్వాచాలు వేస్తారు. అది చావుకు, జబ్బుకు. దానికి వడ్డీ లేదు. ఆలస్యంగా వచ్చినా, మీటింగులో ఫోను మోగినా జరిమానా.

ఒక మే నెలలో జరిగిన మీటింగు ఇది. పదకొండో నంబరు ఆమె 600 అప్పు అడిగింది. వెంటనే ప్రశ్నలు.

“పంట చేతికొచ్చిన నెలలో నీకు అప్పెందుకమ్మా?”

“వేరుశనగ అమ్మకుండా ఉండటానికి. కలోబా బాకీ తీరుస్తాను, అత్త మందులకు కొంత. అయిదు గోతాలూ అక్టోబరు దాకా ఉంచుతాను.”

“ఎక్కడ ఉంచుతావు? ఎలకలు?”

“పొయ్యి గదిలో అటక మీద.”

“మీ ఆయన అమ్మేస్తే?”

“గోతాల మూతి కుట్టింది నేను. విప్పితే నాకు తెలుస్తుంది.”

నవ్వులు. ఒక పెద్దావిడ చెయ్యెత్తి, వెళ్ళి గోతాలు చూసొస్తానని పూచీ పడింది. అప్పు ఇచ్చారు. నెలకు నూటికి పది రూపాయల వడ్డీ అనుకోండి. మన లెక్కలో అది ఘోరం. కానీ ఆ పది బయటికి పోదు. పెట్టెలోనే పడుతుంది, వానలు మొదలయ్యే ముందు అక్టోబరులో వాటాల ప్రకారం అందరికీ పంచుకుంటారు. సరిగ్గా విత్తనం, ఎరువు కొనాల్సిన రోజులవి. పదకొండో నంబరు ఆమె ఆ పంపకానికి కాస్త ముందు అమ్మింది. వడ్డీ పోను, మేలో బకెట్ లెక్కన వచ్చేదానికంటే ఎంత ఎక్కువ మిగిలిందో నేనే కాగితం మీద వేసి చూపించాను. ఆ జనవరిలో ఆమె గన్యుకు పోలేదు.

ఆంధ్రలో 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారాను తరిమిన తర్వాత రోజుకో రూపాయి పొదుపు ఎలా ఊరూరా పాకిందో మా అమ్మ తరం చూసింది. అక్కడ మన సంఘాలకు బ్యాంకు లింకేజీ వచ్చింది, ప్రభుత్వం వెనక నిలబడింది. ఇక్కడ బ్యాంకు అంటే పట్నంలోనే. పల్లె ఆడవాళ్ళ దాకా అది రాదు. పెట్టెలో ఉన్న డబ్బే డబ్బు. అది తక్కువే, ఎకరం కొనుక్కునేంత అప్పు అందులోంచి రాదు. అయినా 2010లో మన దగ్గర సూక్ష్మరుణ సంస్థల వాళ్ళు ఇళ్ళ ముందు కూర్చుని వసూళ్ళు చేసిన రోజులు, ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిన పరిస్థితి తలుచుకుంటే, బయటి డబ్బు లేకపోవడం ఈ గుంపులకు రక్షణే అనిపిస్తుంది. ఇక్కడ అప్పు కట్టలేనివాళ్ళ ఇంటికి వచ్చేది పక్కింటి ఆడవాళ్ళే, ఎందుకు కట్టలేకపోయిందో వాళ్ళకు ముందే తెలుసు.

ఆగే శక్తి ఉంటే చాలదు, ఆగినాక సరైన ధరకు కొనేవాళ్ళూ ఉండాలి. ఈ విషయంలో ఈ ప్రావిన్సు ఒక గొప్ప ప్రయత్నం చూసింది. లువాంగ్వా లోయలో ఏనుగులు, సింహాలు తిరిగే అడవి ఉంది. దాని చుట్టూ పల్లెలు. డేల్ లూయిస్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త ఆ లోయలో ఏళ్ళ తరబడి వన్యప్రాణుల మీద పనిచేశాడు. వేటగాళ్ళను పట్టుకుని జైల్లో వేస్తే వేట ఆగదని, ఆకలి నెలల్లో ఇంట్లో గింజలేని మనిషే అడవిలో తీగ ఉచ్చు వేస్తున్నాడని ఆయన గ్రహించాడు. 2003లో కొమాకో అనే సంస్థ మొదలైంది. వేట మానేసి, నేలను కాపాడే పద్ధతిలో పండించేవాళ్ళ దగ్గర వేరుశనగ, వరి, సోయా, తేనె మంచి ధరకు కొంటారు. చిపాటాలో, లుండాజీలో వాళ్ళ ఫ్యాక్టరీలున్నాయి. ‘ఇట్స్ వైల్డ్’ అన్న పేరుతో వాళ్ళ వేరుశనగ వెన్న లుసాకా సూపర్ మార్కెట్లలో దొరుకుతుంది. వెయ్యికి పైగా నాటు తుపాకులు, పదివేల లెక్కన ఉచ్చులు జనమే తెచ్చి అప్పగించారు. ఒకప్పటి వేటగాళ్ళు తేనెపట్లు పెంచడం, వడ్రంగం నేర్చుకున్నారు. చేల మధ్య వరసలుగా గిరిపుష్పం చెట్లు వేసి, ఆ ఆకు నేలలో కలిపి, కొనే ఎరువు తగ్గించుకుంటున్నారు.

వేరుశనగ విషయంలో మన హైదరాబాదుకూ చిపాటాకూ ఉన్న చుట్టరికం ఇక్కడికొచ్చాకే తెలిసింది. పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధన సంస్థకు మలావీలో కేంద్రం ఉంది. వాళ్ళ పరిశోధనలోంచి వచ్చిన ఒక రకాన్ని మలావీలో సీజీ-7 అనీ, జాంబియాలో ఎంజీవీ-4 అనీ విడుదల చేశారు. దిగుబడి బాగుంటుంది, ఎర్రగింజ. మా పక్క చేలల్లో చాలామంది అదే వేస్తారు. గింజ మంచిదైనా బూజుతో వచ్చే అఫ్లటాక్సిన్ విషం పెద్ద బెడద. దానికి కారణం కూడా మళ్ళీ ఆడవాళ్ళ కష్టమే. గోతాలకు గోతాల కాయలు వేళ్ళతో ఒలవాలి. తొక్క మెత్తబడటానికి నీళ్ళు చిలకరిస్తారు. ఆ తడికి బూజు పడుతుంది, బూజు పడితే పెద్ద కొనుగోలుదార్లు తిప్పి పంపుతారు. నీళ్ళు చిలకరించొద్దని గోడ మీద బొమ్మలు గీసి వెళ్ళే ప్రాజెక్టులను చూసి నాకు ఒళ్ళు మండింది. వేళ్ళు పగిలి నెత్తురొచ్చేదాకా ఒలిచే మనిషికి వద్దని చెప్పడం కాదు, చేత్తో తిప్పే ఒలుపు యంత్రం ఒకటి కావాలి. నేను పోయే గుంపు అక్టోబరు పంపకంలో కొంత పక్కన పెట్టి, అలాంటి యంత్రం ఒకటి కొంది. గోతానికింత అని పక్క పల్లెల వాళ్ళకు కూడా అద్దెకిస్తున్నారు.

రెండో యంత్రానికి ప్రభుత్వ నిధి అడుగుదామని వాళ్ళే అనుకున్నారు. జాంబియాలో ప్రతి నియోజకవర్గానికీ అభివృద్ధి నిధి ఉంది. 2022లో దాన్ని 16 లక్షల క్వాచాల నుంచి ఒక్కసారిగా 2 కోట్ల 57 లక్షలకు పెంచారు. అందులో మహిళా సంఘాలకు, యువతకు గ్రాంట్లు, అప్పులు, చదువుకు సాయం ఉన్నాయి. పెంచడం నిజంగా మంచి పని. కానీ ఫారం ఇంగ్లీషులో, పేజీలకు పేజీలు. సంఘం రిజిస్ట్రేషన్ కాగితం, బ్యాంకు ఖాతా, వార్డు కమిటీ సంతకం కావాలి. బ్యాంకు ఖాతా తెరవడానికి ముగ్గురు ఆడవాళ్ళు పట్నం రావాలి, ఛార్జీలకే ఒక వారం పొదుపు పోతుంది. ఆ ఫారం మా ఇంటి వరండాలో కూర్చుని పూర్తిచేశాం. ఆ అక్షరాలు చదవలేని గుంపులు ఎన్ని ఉన్నాయో, వాటి వంతు ఎవరికి పోతోందో అడిగేవాళ్ళు ఉండాలి.

అడిగేవాళ్ళున్నారు. దేశం అప్పుల ఊబిలో ఉండి, మాఫీ కావాలంటే పేదరిక నిర్మూలన ప్రణాళిక రాసి చూపించాల్సి వచ్చినప్పుడు, ఆ ప్రణాళికలో జనం మాట ఉండాలని 2000లో స్వచ్ఛంద సంస్థలన్నీ కలిసి ‘సివిల్ సొసైటీ ఫర్ పావర్టీ రిడక్షన్’ అనే వేదికగా ఏర్పడ్డాయి. అప్పుల మాఫీ 2005లో వచ్చింది. ఆ వేదిక ఆగలేదు, బడ్జెట్లో రాసిన డబ్బు పల్లెకు చేరిందా లేదా అని జిల్లాల్లో తిరిగి చూడటం పనిగా పెట్టుకుంది. ఇంకోపక్క జెస్యూట్ సెంటర్ వాళ్ళు 1991 నుంచి నెలనెలా ఒక పని చేస్తున్నారు. ఒక కుటుంబం బతకడానికి మొక్కజొన్న పిండి, కూర, నూనె, బొగ్గు, సబ్బు, ఇంటద్దె కలిపి ఎంతవుతుందో బజారుకు పోయి ధరలు రాసుకొచ్చి ప్రకటిస్తారు. జీతాల బేరాల్లో కార్మిక సంఘాలు ఆ కాగితమే బల్ల మీద పెడతాయి. చప్పట్లు పడే పని కాదిది, ఫొటోల్లో పడేదీ కాదు. కానీ మేక పంచిన ప్రాజెక్టు కంటే దీనికే నేను ఎక్కువ విలువిస్తాను. అనంతపురంలో 1969 నుంచి విన్సెంట్ ఫెర్రర్ గారి ఆర్డీటీ సంస్థ చేసిన పని చూస్తూ పెరిగినదాన్ని, బయటినుంచి వచ్చిన ఒక మనిషి ఒక కరువు జిల్లాకు ఎంత చేయగలడో నాకు తెలుసు. అలాంటి మనిషి అన్ని జిల్లాలకూ దొరకడు. లెక్క అడిగే అలవాటు ఒకసారి జనానికి అబ్బితే వాళ్ళ ఊళ్ళోనే ఉంటుంది.

ఇదంతా 2024 కరువులో పరీక్షకు నిలిచింది. ఎల్‌నినో వల్ల వానలు సరిగ్గా కంకి పట్టే వేళకు ఆగిపోయాయి. ఫిబ్రవరి 29న అధ్యక్షుడు హిచిలెమా జాతీయ విపత్తు ప్రకటించారు. అంతకుముందు ఏడాది 30 లక్షల టన్నులు దాటిన మొక్కజొన్న సగానికి పడిపోయింది. మామిడిచెట్టు కింద వాటాలు అయిదు నుంచి ఒకటికి దిగాయి. కొన్ని గుంపులు పెట్టె పగలగొట్టినంత పని చేసి, ఉన్నది ముందే పంచేసుకుని విడిపోయాయి. మా గుంపు కొత్త అప్పులు ఆపేసి, చావుకు జబ్బుకు పెట్టుకున్న గిన్నె డబ్బుతో పిండి కొని పంచుకుంది. మరుసటి జనవరిలో గన్యుకు పోనివాళ్ళు లేరు. పొదుపు కరువును ఆపుతుందని నేను చెప్పను. ఆ ఏడాది ఆకలిని ఆపింది చాలామట్టుకు ప్రభుత్వం ఇచ్చిన నగదు బదిలీ, ఆహార సాయం. పొదుపు వల్ల జరిగింది వేరు, విత్తనపు గింజను తినకుండా దాచగలిగారు. 2025లో వాన బాగా కురిసి దేశమంతా పంట విరగపండిన ఆ సీజనులో మా గుంపు ఆడవాళ్ళ దగ్గర వేయడానికి సొంత విత్తనం ఉంది. ఆ ఏడు ప్రభుత్వానికి మొక్కజొన్న అమ్మినవాళ్ళు డబ్బు కోసం నెలలకు నెలలు ఎదురుచూశారు. పండినా ఆగాల్సిందే, పండకపోయినా ఆగాల్సిందే.

అదే ఏడాది మొదట్లో అమెరికా విదేశీ సాయం ఆపేసింది. చిపాటాలో జీపులు నిలబడే కొన్ని ఆఫీసులకు తాళాలు పడ్డాయి. మా గుంపును మొదట కూర్చోబెట్టి పద్ధతి నేర్పిన ప్రాజెక్టు అంతకుముందే ముగిసింది. అయినా వాళ్ళు పోతూ ఒక మంచి పని చేసిపోయారు. నేర్పడానికి పెట్టిన ఊరి కుర్రవాడికి జీతం ప్రాజెక్టు నుంచి కాకుండా గుంపులే ఇచ్చేలా మొదటినుంచీ అలవాటు చేశారు. అతను ఇప్పుడు సైకిలు మీద తిరిగి పదిహేను పల్లెల గుంపులు చూసుకుంటాడు, కొత్తవి పుట్టిస్తాడు, తగవులు తీరుస్తాడు, పంపకం రోజున లెక్క కడతాడు.

ఈసారి పంపకానికి ముందు అతను ఫీజు పెంచమని అడిగాడు. మనిషికి 10 క్వాచాలు ఇస్తున్నారు, 15 కావాలన్నాడు. పెట్రోలు పెరిగిందన్నాడు. నీది సైకిలు కదా, పెట్రోలేంటని మూడో నంబరు ఆమె అడిగింది. టైర్లు కూడా పెరిగాయన్నాడు. పోయినేడు రెండు మీటింగులకు రాలేదని పుస్తకంలో రాసి ఉందని కార్యదర్శి గుర్తుచేసింది. మలేరియా వచ్చిందన్నాడు. అరగంట బేరం నడిచింది. చివరికి 12కు ఒప్పుకున్నారు, రాని మీటింగుకు కోత ఉంటుందన్న షరతు మీద. ఆ షరతు కార్యదర్శి పుస్తకంలో రాసి, అతనిచేత సంతకం పెట్టించుకుంది.